హాట్‌రాడ్ మోడల్‌కి ముందుగా కావలసింది ఒక సంవత్సరం

భారతదేశంలో అసలైన హాట్‌రాడ్‌ని, అంటే వేగం కోసం కోసి మార్చిన పాత కారుని, రోడ్డెక్కించడం దాదాపు కుదరని పని. రిజిస్ట్రేషన్‌లోని వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని యజమాని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖరారు చేసింది. హాట్‌రాడ్ కట్టడమంటే సరిగ్గా ఆ పనే. పాత కారు మడ్‌గార్డులు ఊడదీయడం, పైకప్పు కోసి కిందికి దించడం, మరో కారు ఇంజిన్ తెచ్చి బిగించడం. కాబట్టి చెన్నైలో ఎవరికైనా 1932 ఫోర్డ్ మీద మనసైతే మిగిలే దారి 1/25 స్కేల్ ప్లాస్టిక్ కిట్, అంటే అసలు కారులో ఇరవై ఐదో వంతు కొలతలో భాగాలు అతికించి కట్టే మోడల్. దాని పైకప్పు ఎంత కోసినా ఆర్టీవో ఆఫీసుకి పట్టదు.

అయితే ఈ స్వేచ్ఛే మోడల్ కట్టేవాళ్లకి అసలు చిక్కు. మారుతి 800 కడితే ఫ్యాక్టరీ ఫొటో ఎదురుగా పెట్టుకోవచ్చు, తప్పొప్పులు అక్కడే తేలిపోతాయి. హాట్‌రాడ్‌కి ఫ్యాక్టరీ ఫొటో ఉండదు. ఏ కారుకి ఆ కారే వేరు. దాంతో ఏదైనా పెట్టొచ్చన్న ధీమా వస్తుంది, కిట్‌లో మెరిసేవన్నీ ఒకే కారు మీదకి చేరతాయి. రంగు బాగుంటుంది, అతుకులు కనపడవు, అయినా ఏదో తేడా కొడుతుంది. చూసేవాళ్లు డీటెయిల్ చాల్లేదనుకుంటారు. చాలాసార్లు లోపం అది కాదు. ఆ కారు ఏ సంవత్సరంలోనూ ఉండి ఉండే అవకాశం లేదు, అదీ తేడా.

హాట్‌రాడ్ పుట్టింది దక్షిణ కాలిఫోర్నియాలో, మురాక్, ఎల్ మిరేజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద. అక్కడ వేగం కొలిచే క్లబ్బులు కలిసి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. యుద్ధం తర్వాత ఆ కుర్రకారు విమానాలు దిగడం మానేసిన రన్‌వేలకి కూడా ఎక్కారు. చెన్నైకి ఇదేమీ వింత కాదు. ఊరికి ఉత్తరాన షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధ కాలపు రన్‌వే మీదే మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాలపాటు రేసులు నడిపింది, ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ వచ్చింది ఆ తర్వాతే. తెలుగు బాగా వినిపించే తిరువళ్లూరు జిల్లా పల్లెలకి దగ్గరి చోటది.

1932 ఫోర్డ్‌నే ఎందుకు ఎంచుకున్నారంటే, అందులో 65 హార్స్‌పవర్ వీ8 ఇంజిన్ ఉంది. మామూలు జనం కొనగలిగిన ధరలో ఎనిమిది సిలిండర్లు అప్పటికి కొత్త. కారు తేలిక. పాతబడ్డాక చవగ్గా దొరికింది. ఈ ఊళ్లో ఫోర్డ్ అంటే గుర్తొచ్చేవి మరైమలై నగర్‌లో తయారైన ఐకాన్, ఫిగో. అక్కడ ఉత్పత్తి ఆపుతున్నట్టు కంపెనీ 2021లో ప్రకటించింది. ఆ ఫోర్డుకీ ఈ ఫోర్డుకీ మధ్య పేరు తప్ప పోలిక పెద్దగా లేదు.

కిట్ పెట్టె తెరవగానే చేయాల్సిన మొదటి పని కత్తి తీయడం కాదు, కారుకి ఒక సంవత్సరం నిర్ణయించడం. 1948 అనుకుంటే ఆ కారు ఫోర్డ్ పాత ఇంజిన్ ఫ్లాట్‌హెడ్ వీ8తో ఉంటుంది, పైన రెండు స్ట్రాంబర్గ్ 97 కార్బురేటర్లు, 16 అంగుళాల ఇనుప చక్రాలు, సన్నటి టైర్లు, ఆరు వోల్టుల జనరేటర్. ఫోర్డ్ హైడ్రాలిక్ బ్రేకులకి మారింది 1939లో, కాబట్టి 1932 కారు తాలూకు రాడ్ బ్రేకులు తీసేసి తర్వాతి ఫోర్డ్ బ్రేకులు వేసి ఉంటారు. రంగు వేయించే డబ్బు లేక ప్రైమర్ అనే అడుగు పూతతోనే తిరిగినా తప్పు లేదు. 1957 అనుకుంటే షెవర్లే చిన్న వీ8 వచ్చేస్తుంది, అది 1955లోనే పుట్టింది. తెల్ల అంచు వెడల్పాటి టైర్లు, మంటల బొమ్మలు, సన్నటి పిన్‌స్ట్రైప్ గీతలు అప్పటివే. జనరేటర్‌కి బదులు వచ్చిన ఆల్టర్నేటర్ పెట్టాలంటే 1960లలోకి రావాలి. సూత్రం చిన్నది: కారు సంవత్సరం కన్నా పాత సామాను ఎంతైనా పెట్టొచ్చు, కొత్తది ఒక్కటి కూడా పెట్టకూడదు. అప్పటి కుర్రాళ్లు పాత కార్లు విప్పే చోట్లలో దొరికినవి తెచ్చి బిగించారు, రేపు తయారవబోయేది ఎవరికీ దొరకదు కదా.

పుదుప్పేటలో విప్పిన బండ్ల సామాను అంగళ్ల మధ్య ఒకసారి నడిచినవాళ్లకి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. మోడల్ ప్రపంచంలో ఆ వీధికి బదులు ఉండేది మిగులు సామాను డబ్బా. అమెరికా మోడల్ కిట్ల కంపెనీ ఏఎంటీ 1958 నుంచి ఒకే కిట్‌లో మూడు రకాలుగా కట్టుకునే వీలిచ్చింది: కంపెనీ కారు, కస్టమ్ కారు, రేసు కారు. ఒకటి కడితే మిగతా రెండింటి భాగాలు మిగిలిపోతాయి. నాలుగు కిట్లు కట్టేసరికి ఓ చిన్న పుదుప్పేట తయారు. ఇక్కడ విదేశీ కిట్లకి ధర, కస్టమ్స్ సుంకం, నిరీక్షణ అన్నీ ఎక్కువే కాబట్టి ఆ డబ్బా విలువ ఇంకా ఎక్కువ.

ఇంకో మాట. ఇవి అమెరికా కార్లు, స్టీరింగ్ ఎడమవైపు. మన రోడ్ల అలవాటుతో కుడివైపుకి మార్చేస్తే స్టీరింగ్ బాక్స్, దాని లింకు, పెడల్స్ అన్నీ మార్చాలి. మార్చకుండా స్టీరింగ్ చక్రం ఒక్కటే జరిపిన మోడల్ తిరగని బండి.

1/25 స్కేల్‌కి ఒక సుఖం ఉంది. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు, దాన్ని 25తో భాగిస్తే ఒక మిల్లీమీటరు, పైన కాస్త. హాట్‌రాడ్ లోకంలో కొలతలన్నీ అంగుళాల్లోనే చెబుతారు, కాబట్టి అసలు కారు అంగుళం మోడల్‌లో మిల్లీమీటరు అనుకుంటే లెక్క అయిపోయినట్టే. మూడు అంగుళాల పైకప్పు కోత అంటే మూడు మిల్లీమీటర్లు. ముందు ఇరుసు రెండున్నర అంగుళాలు దించారంటే రెండున్నర మిల్లీమీటర్లు. 1932 ఫోర్డ్ ముందు వెనక చక్రాల మధ్య దూరం 106 అంగుళాలు, మోడల్‌లో 107.7 మిల్లీమీటర్లు. 1/24 కిట్‌లో అదే 112 దాటుతుంది. ఆ నాలుగున్నర మిల్లీమీటర్ల తేడా వల్లే ఒక స్కేల్ బాడీ ఇంకో స్కేల్ చాసీ మీద కూర్చోదు. చక్రాలు, కార్బురేటర్లు మాత్రం అటూ ఇటూ నడిచిపోతాయి, అసలు కార్లలోనూ వాటి సైజులు రకరకాలు కాబట్టి.

కారు నిలబడే తీరు మూడు అడుగుల దూరం నుంచే కనిపిస్తుంది. ముందు చిన్న టైర్లు, వెనక పెద్దవి, మూతి కాస్త కిందికి. ఇది సోకు కాదు. వెనక టైర్ పొడుగైతే ఇంజిన్ అదే చుట్లు తిరిగినా కారు ఎక్కువ దూరం పోతుంది, అంటే సరస్సు మీద గరిష్ఠ వేగం పెరుగుతుంది. బరువు, గాలి అడ్డు తగ్గాలని మడ్‌గార్డులు పీకేశారు. బాడీ చాసీ మీద యథాస్థానంలో ఉండి మడ్‌గార్డులు లేకపోతే హైబాయ్ అంటారు. నేల రేకు కోసి బాడీని చాసీ పట్టాల మీదుగా కిందికి దించితే ఛానెల్ చేసినట్టు. కిట్‌లో వచ్చిన ఎత్తుకే వదిలేస్తే కారు చాలాసార్లు ఒంటె మాదిరి కనిపిస్తుంది. అందుకే జిగురు పెట్టకముందే చక్రాలు, ఇరుసు, బాడీ టేపుతో అంటించి బల్ల అంచున కంటి ఎత్తులో పెట్టి చూడాలి. ఆ మిల్లీమీటరు సరిచేయడానికి తర్వాత వీలుండదు.

పైకప్పు కోత గురించి ఎక్కువ భయం అక్కర్లేదు. 1932 కూపే (రెండు తలుపుల కారు) పైకప్పు స్తంభాలు తర్వాతి కార్లతో పోలిస్తే నిటారుగా ఉంటాయి, కాబట్టి మూడు మిల్లీమీటర్లు తీసేసినా పైభాగం కింది భాగం దాదాపు ఎదురెదురుగానే పడతాయి. మిగిలిన వెంట్రుకవాసి తేడాని స్తంభాలు కొద్దిగా లోపలికి వంచి, పుట్టీతో సర్దొచ్చు. కోతకి ముందు కిటికీలకి మాస్కింగ్ టేప్ అంటించి గీత గీసుకుంటే చాలు.

కష్టం ఇంజిన్ దగ్గర. బానెట్ పక్క రేకులు లేని కారులో ఇంజినే ముఖం, దాచడానికి చోటు లేదు. డీటెయిల్ అంటే తీగలు పెంచుకుంటూ పోవడం అనుకునేవాళ్లు దొరికిపోయేది కూడా ఇక్కడే. ప్రతి గొట్టం ఎక్కడో మొదలై ఎక్కడికో చేరాలి.

ఫ్లాట్‌హెడ్ వీ8నే తీసుకుంటే, వాల్వులు హెడ్‌లో (ఇంజిన్ పై మూత) కాక బ్లాక్‌లో (సిలిండర్లుండే కింది దిమ్మ) ఉంటాయి. పొగ బయటికి రావాలంటే బ్లాక్ లోపల నుంచి, నీళ్ల గదుల పక్కనుంచి రావాలి. మధ్య రెండు సిలిండర్లు ఒకే దారి పంచుకుంటాయి, కాబట్టి ఒక్కో వైపు సిలిండర్లు నాలుగు ఉన్నా పొగ దారులు మూడే. ఫ్లాట్‌హెడ్‌కి నాలుగు సైలెన్సర్ పైపులు అతికించిన మోడల్ ఇంజిన్ తెలిసినవాడికి రెండో చూపులోనే పట్టుబడుతుంది. ఆ పొగ వేడి నీళ్లలోకి దిగడం వల్లే ఈ ఇంజిన్ తొందరగా కాగుతుందన్న పేరు తెచ్చుకుంది. అందుకే దీనికి నీళ్ల పంపులు రెండు, రేడియేటర్‌కి పైన రెండు గొట్టాలు, కింద రెండు. కిట్‌లో ఒకటే గొట్టం ఇచ్చి ఉంటే రెండోది చేసుకోవాలి. అసలు గొట్టం మందం ఒకటిముప్పావు అంగుళం దాకా ఉంటుంది, అంటే ఇక్కడ దాదాపు 1.8 మిల్లీమీటర్లు. కరెంటు వైరు తొడుగు తీసి వంచితే సరిపోతుంది.

ప్లగ్‌లు హెడ్ పైన వరసగా నిలబడి ఉంటాయి, పాత ఫ్లాట్‌హెడ్‌లో ప్లగ్‌లకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ముందు వైపు. షెవర్లే చిన్న వీ8లో అంతా తలకిందులు: డిస్ట్రిబ్యూటర్ వెనక, ఇంజిన్‌కీ సీట్లకీ మధ్య ఉండే అడ్డు రేకు పక్కన, ప్లగ్‌లు కింద పక్కలకి, పొగ గొట్టాల మధ్య. సిలిండర్లు పేలే క్రమం కూడా వేరు. ఫోర్డ్‌ది 1-5-4-8-6-3-7-2, షెవర్లేది 1-8-4-3-6-5-7-2. మోడల్‌లో ఈ క్రమం పాటించాలా అంటే, పాటిస్తేనే మంచిది. ఎవరో సరిచూస్తారని కాదు. సరైన క్రమంలో పోయే తీగలు ఒకదాన్నొకటి దాటుకుంటూ చిక్కులు పడినట్టు ఉంటాయి, అదే అసలు ఇంజిన్ ముఖం. లెక్క లేకుండా వరసగా పెట్టినవి దువ్విన జుట్టులా ఉంటాయి.

మందం దగ్గర చాలా మోడల్స్ దెబ్బతింటాయి. పాత ప్లగ్ తీగ 7 మిల్లీమీటర్లు, 25తో భాగిస్తే 0.28. హాబీ షాపుల ప్లగ్ వైరు చాలావరకు దీనికంటే లావు. చెన్నైలో దీనికి మందు మోటార్ రీవైండింగ్ చేసే కొట్టులో ఉంది. ఎనామెల్ పూసిన రాగి తీగ 32 గేజ్ అంటే 0.274 మిల్లీమీటర్లు, పాత తీగకి సరిగ్గా సరిపోతుంది. తర్వాతి కాలపు 8 మిల్లీమీటర్ల తీగ కావాలంటే 30 గేజ్, అంటే 0.315. మూరెడు తుక్కు తీగతో కారు పూర్తవుతుంది. రాగి మెరుపు కనపడకుండా నల్ల రంగు వేయాలి, వేలికి చుట్టి మెల్లగా వంచాలి, చప్పున వంచితే పడే మడత మళ్లీ పోదు. పావు అంగుళం పెట్రోల్ పైపుకి కూడా ఇలాంటి తీగే, ఇంకాస్త సన్నది. పంపు నుంచి కార్బురేటర్ దాకా దాని దారి కంటికి కనిపించాలి, మధ్యలో మాయం కాకూడదు.

ఆ సన్నటి తీగకి రంధ్రం వేసే డ్రిల్ బిట్లు మామూలు హార్డ్‌వేర్ కొట్టులో దొరకవు. షావుకారుపేటలో కంసాలి పనిముట్లు అమ్మేచోట 0.3, 0.4 మిల్లీమీటర్ల బిట్లు, చేత్తో తిప్పే పిన్ వైజ్ అడిగి చూడొచ్చు. అక్కడే సన్నటి పూసలు కూడా ఉంటాయి, గొట్టాల చివర బిగింపుల్లా పనికొస్తాయి. కనెక్టర్లు, సన్నటి తొడుగు వైర్లు రిచీ స్ట్రీట్‌లో. జిగురుకి ఫెవిక్విక్ కన్నా ప్లాస్టిక్‌ని కరిగించి అతికే పల్చటి సిమెంటే మేలు, ఫెవిక్విక్ ఆవిరి పక్కన ఉన్న పారదర్శక భాగాల్ని తెల్లగా మసకబారుస్తుంది. ఎంసీల్ పెద్ద సందులకి పనికొస్తుంది కానీ ప్లాస్టిక్ కన్నా గట్టిపడుతుంది, ఎమరీ పేపర్ పట్టేటప్పుడు పక్క ప్లాస్టిక్ అరిగి ఎంసీల్ మిట్టగా మిగులుతుంది.

ఇక రంగు. దీన్ని చెన్నై గాలిని పక్కన పెట్టి మాట్లాడలేం.

లాకర్ రంగులోని థిన్నర్ చాలా వేగంగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు వేడి లాక్కుంటుంది, తడి రంగు పైపొర చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే అక్కడే నీరుగా చేరుతుంది. ఫలితంగా నల్ల కారు విభూతి రాసుకున్నట్టు తెల్లబారుతుంది. స్ప్రే డబ్బాలతో ఇది మరీ ఎక్కువ, లోపలి ద్రవ గ్యాస్ ఆవిరవుతూ డబ్బా చేతిలోనే చల్లబడుతుంది. గాలి ఒత్తిడితో రంగు చల్లే ఎయిర్‌బ్రష్ వాడితే ఇంకో తంటా. తేమగాలిని కంప్రెసర్ నొక్కితే అందులోని ఆవిరి నీరవుతుంది, ఎప్పుడో ఒకప్పుడు బానెట్ మీద చుక్కగా ఉమ్ముతుంది. గాలిలోని నీళ్లు పట్టే ట్రాప్‌ని కంప్రెసర్‌కి ఆనించి పెడితే ప్రయోజనం తక్కువ, అక్కడ గాలి ఇంకా వేడిగా ఉండి ఆవిరి ఆవిరిగానే దాటిపోతుంది. గొట్టంలో కొంత దూరం వచ్చి చల్లబడ్డాక, చేతికి దగ్గరగా ట్రాప్ ఉండాలి. ట్యాంకు ఉంటే పని అయ్యాక అడుగు మూత తిప్పి నీళ్లు వదలాలి.

వేళ కూడా చూసుకోవాలి. మే, జూన్ నెలల్లో పొద్దుటి పూట పడమటి నుంచి పొడిగాలి వీస్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే తేమ ఒక్కసారిగా పెరుగుతుంది. కానీ ఆ పొడి వేళల్లో ఎండ వల్ల మరో ఇబ్బంది: రంగు తుంపర కారుని చేరేలోపే సగం ఎండిపోయి గరుకుగా పడుతుంది. రెండింటికీ జవాబు ఒకటే, మెల్లగా ఎండే థిన్నర్ లేదా ఎండడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్. కొద్దిగా తెల్లబారిన రంగు మీద పల్చగా రిటార్డర్ కొడితే పైపొర మళ్లీ తడిసి ఆ తెలుపు చాలావరకు పోతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, రంగు జోలికి పోకుండా కోతలు, ఇంజిన్ తీగలు పెట్టుకోవడం తెలివైన పని.

విదేశీ మోడల్ రంగులు, ముఖ్యంగా స్ప్రే డబ్బాలు, విమానంలో పంపించుకోవడం కష్టం. అందుకని చాలామంది కార్ల పెయింట్ కొట్టుకి వెళ్తారు. షేడ్ కలిపి ఇస్తారు, చవక కూడా. కానీ అక్కడి ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ కిట్ ప్లాస్టిక్ అయిన పాలిస్టైరిన్‌ని కొరికేస్తుంది, పైపొర మీద సాలెగూడు లాంటి పగుళ్లు తేలతాయి. మధ్యలో మోడల్ ప్రైమర్ అడ్డం ఉండాలి, ఆ తర్వాతి రంగు కూడా మొదట పొడి పొడిగా పల్చటి పూతలుగా పడాలి. లాకర్ మీద ఎనామెల్ వేయొచ్చు, ఎనామెల్ మీద లాకర్ వేస్తే కింది పొర ముడతలు పడుతుంది.

కార్ల మెటాలిక్ రంగు గురించి ఎవరూ ముందుగా హెచ్చరించరు. అందులోని మెరుపు రేణువు 40 మైక్రాన్లు ఉందనుకుంటే, అసలు కారు కొలతలో అది ఒక మిల్లీమీటరు ముక్క. పెద్ద మెరుపు రేణువుల 1960ల మెటల్‌ఫ్లేక్ కారుకి బాగుంటుంది, 1948 కారుకి జరీ చీర కట్టినట్టే. పూత మందం లెక్క కూడా ఇలాంటిదే. ప్రైమర్, రంగు, పైన వేసే పారదర్శక క్లియర్ పూత అన్నీ కలిసి 0.1 మిల్లీమీటరు అయితే అసలు కారు మీద రెండున్నర మిల్లీమీటర్ల పొర. తలుపు గీతలు అందుకే మూసుకుపోతాయి. రంగుకి ముందే సూదిమొనతో ఆ గీతల్ని లోతు చేసుకోవాలి. ప్లాస్టిక్ మందం ఒక మిల్లీమీటరు అంటే ఒక అంగుళం రేకు, ఏ కారుకీ అంత రేకు ఉండదు. కంటికి కనిపించే అంచుల్ని, ముఖ్యంగా చక్రాల దగ్గర, కాక్‌పిట్ చుట్టూ, లోపలివైపు నుంచి గీకి పల్చన చేస్తే, ఏ అదనపు భాగమూ లేకుండానే కారు బొమ్మతనం సగం పోతుంది. ఖర్చు లేని పని కాబట్టేమో, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

హార్డెనర్ కలిపే టూ-కే క్లియర్ అద్దంలా మెరుస్తుంది. అందులో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది, మామూలు గుడ్డ మాస్క్ దాన్ని ఆపదు. ఫ్లాట్ బాల్కనీలో, పక్కింటి కిటికీ ఎదురుగా అది కొట్టకూడదు.

క్రోమ్ గురించి క్లుప్తంగా. కిట్‌లో పూసి వచ్చేది మరీ ఎక్కువ మెరుస్తుంది, కింద అచ్చు గీతలు అలాగే ఉంటాయి. బట్టలకి వాడే సోడియం హైపోక్లోరైట్ బ్లీచ్‌లో నానబెడితే ఆ పూత ఊడిపోతుంది. గీతలు చెక్కి, నిగనిగలాడే నలుపు వేసి, దాని మీద పల్చగా క్రోమ్ రంగు కొట్టాలి. అన్నిటికీ అక్కర్లేదు. 1948 కారులో హెడ్‌లైట్ అంచు, రేడియేటర్ చట్రం లాంటివి మెరిస్తే చాలు, ఇరుసుకి రంగు పూస్తే సరి. లోపలి సీట్ల మడతలకి సగం మెరుపు (సెమీ గ్లాస్) రంగు, చాపకి పల్చగా చల్లిన నూగు.

తుప్పు మీద మోజు ఇంకో అతి. కావాలనే తుప్పుతో వదిలేసే రాట్‌రాడ్ పేరుతో కారంతా ఒకే నారింజ రంగు పూసేస్తారు. తుప్పు ఎక్కడ పడుతుందో చూడాలంటే బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ సముద్రం వైపు వీధుల్లో ఇనుప గేట్లు చూడొచ్చు. కింది బందు దగ్గర, రెండు పట్టీలు కలిసే సందులో, నీళ్లు నిలిచేచోట ముదురు గోధుమ. అక్కడి నుంచి కిందికి చార. పైన ఎండ తగిలే వంపులో ఏమీ ఉండదు. కారులోనూ తలుపుల అడుగు, ముందు అద్దం కింది కౌల్ రేకు మూల, నేల రేకు అతుకు దగ్గరే అది మొదలవ్వాలి.

పూర్తయిన కారుకి ఈ వేడి ఊళ్లో ఇంకో శత్రువు సొంత టైర్లే. వినైల్ టైర్లలో మెత్తదనం కోసం కలిపిన ప్లాస్టిసైజర్ నెమ్మదిగా బయటికి ఊరి పాలిస్టైరిన్ రిమ్‌ని కరిగిస్తుంది, వేడికి ఇంకా త్వరగా. రిమ్ చుట్టూ పల్చటి అల్యూమినియం ఫాయిల్ పట్టీ చుట్టి టైర్ ఎక్కిస్తే రెండూ నేరుగా తాకవు. రంగు వేసిన చెక్క పలక మీదో ప్లాస్టిక్ పలక మీదో నిలబెడితే టైర్లు దానికీ అంటుకుంటాయి, అందుకే అలమరలో కింద గాజు పలక ఉంచడం నయం, అది కూడా పడమటి కిటికీ ఎండ పడని అరలో.